సున్నం సీసాలో వచ్చిన గడ్డ

హోసూరులో ఇరవై ఏళ్లకు పైగా పాథాలజిస్టుగా పనిచేశాను. ఇన్నేళ్లలో మా వీధివాళ్లు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "అమ్మా, షుగరు టెస్టుకు తిని రావాలా, తినకుండా రావాలా?" మనిషి ఒంట్లోంచి కోసిన ముక్కను మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పలచగా తరిగి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి అది ఏ జబ్బో చెప్పడం నా పని అంటే, "అయితే రక్తం తీయరా?" అని నిరాశపడేవారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరు. రోగి దండం పెట్టేది సర్జనుకు. రిపోర్టు ఆలస్యమైతే తిట్టేది మాత్రం మిమ్మల్ని. ఇది ముందే తెలుసుకుని రండి.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి, లేకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. కెలమంగలం వైపు మమ్మల్ని కోటింటివాళ్లు అంటారు. ఒకప్పుడు కోట ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికి కోట పోయి గోడ మిగిలింది. నా చదువు పూర్తయ్యేసరికి గోడ కూడా పోయి పేరు మిగిలింది. పేరు, దాంతోపాటు నిటారు వెన్ను. మా నాన్న బస్సులో సీటు దొరక్కపోతే కమ్మీని పట్టుకునేవాడు కాదు. కోటింటివాళ్లు దేన్నీ పట్టుకుని నిలబడరట. ఆ పట్టుదలతో డెంకణికోట దారి మలుపుల్లో చాలాసార్లు పరాయివాళ్ల ఒళ్లో కూర్చున్నాడు. నేను ఆయన కూతుర్ని. మైక్రోస్కోపు ముందు అందరూ మెడ వంచుతారు. నేను దాని కింద చెక్కపెట్టె పెట్టించి, దాన్నే నా కంటి ఎత్తుకు తెచ్చుకున్నాను. తోటివాళ్లకు నలభై దాటగానే మెడనొప్పి వచ్చింది, నాకు రాలేదు. వంశాభిమానం వల్ల నాకు కలిగిన మేళ్లలో ఖాయంగా చెప్పగలిగింది ఇదొక్కటే.

వెళ్లిపోవడం తెలియని కణం

క్యాన్సర్ అంటే కణాలు అదుపు లేకుండా పెరగడం అని మీరు చదువుకుని ఉంటారు. అది సగమే. పోవాల్సిన కణం పోకుండా ఉండిపోవడం మిగిలిన సగం. నా ఉద్యోగంలో నన్ను ఎక్కువగా ఏడిపించింది ఈ రెండో సగమే.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణానికీ తనను తాను చంపుకునే ఏర్పాటు పుట్టుకతోనే ఉంటుంది. పని అయిపోయినా, బాగుచేయలేనంత దెబ్బ తగిలినా, అది గోల చేయకుండా ముడుచుకుని, తునకలై, పక్క కణాలకు మేత అయిపోతుంది. గర్భంలో బిడ్డ చేతివేళ్ల మధ్య పొర పోయి వేళ్లు విడివడేది ఇలాగే. ఈ ఏర్పాటుకు అడ్డుపడే ప్రోటీన్లు కూడా కణంలోనే ఉంటాయి. వాటిలో పేరుమోసింది బీసీఎల్-2. చంపడానికి బయలుదేరిన ప్రోటీన్లను అది చేతులు కట్టేసి కూర్చోబెడుతుంది. అందులో తప్పేమీ లేదు. ఏళ్ల తరబడి బతకాల్సిన కణానికి అలాంటి కాపలా కావాల్సిందే. పోవాల్సిన కణం దగ్గర కూడా ఆ కాపలాదారు కదలకుండా కూర్చుంటేనే చిక్కు.

మెడలోనూ చంకల్లోనూ గజ్జల్లోనూ ఉండే లింఫు గడ్డల్లో గుండ్రటి గదులుంటాయి. వాటిని ఫాలికిల్స్ అంటాం. నేను వాటిని పిల్లలు చదువుకునే బళ్లు అంటాను. మన రక్షణ కణాల్లో ఒక జాతి అక్కడ పరీక్ష రాస్తుంది. లోపలికి వచ్చిన క్రిమిని గట్టిగా పట్టుకోగలిగిందే పాసు. మిగిలినవన్నీ ఆ గదిలోనే చావాలి. అందుకే గుడి బయట చెప్పులు విడిచినట్టు, ఆ బళ్లోకి అడుగుపెట్టే కణం బీసీఎల్-2ను బయట విడిచి వస్తుంది. ఫాలిక్యులర్ లింఫోమా అనే క్యాన్సర్‌లో రెండు క్రోమోజోముల ముక్కలు తారుమారై, ఈ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు ఎప్పుడూ ఆరని స్విచ్చు పక్కకు చేరుతుంది. అప్పుడు ఫెయిలైన కణం చావదు. పరుగెత్తి పెరగదు కూడా. ఊరికే ఉంటుంది. అలా ఉండిపోయినవన్నీ పోగై గడ్డ ఉబ్బుతుంది. ఉన్నకొద్దీ కణంలో కొత్త చెడు మార్పులు చేరుతుంటాయి.

ఈ ప్రోటీన్‌కు అన్నదమ్ములు కూడా ఉన్నారు. కొన్ని రక్త క్యాన్సర్లకు ఇప్పుడు బీసీఎల్-2 పిడికిలి విప్పే మాత్రలు వచ్చాయి. మంచి మాత్రలే. అయినా కొన్ని కణాలు కొన్నాళ్లకు ఎంసీఎల్-1 అనే తమ్ముణ్ణి కాపలాకు పెట్టుకుని తేరుకుంటాయి. నా తోటి డాక్టర్లు దీన్ని చూసి ఆశ్చర్యపోయారు. నేను పోలేదు. పెద్దవాడు పడిపోతే చిన్నవాడు అదే హోదాను పట్టుకుని వేలాడడం మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే.

ముందు ఇరుగుపొరుగు

నేను పని నేర్చుకున్నది బెంగళూరులో ఒక ముసలి ప్రొఫెసర్ దగ్గర. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మూడు భాషల్లో తిట్టేవాడు. తెలుగులో తిడితే చిన్న తప్పు, తమిళంలో తిడితే పెద్దది, కన్నడంలో తిడితే ఆ రోజు క్యాంటీన్‌కు పోకుండా స్లైడు ముందే కూర్చోవాలి.

బీసీఎల్-2 ఉన్నచోట గోధుమరంగు తేలేలా చేసే ప్రత్యేకమైన పరీక్ష ఉంది. దాన్ని చూడడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక గడ్డ స్లైడు నిండా గోధుమరంగు కనబడేసరికి ఆయన గదికి పరుగెత్తాను.

"లింఫోమా సార్."

"యాడుంది?"

"అంతా బ్రౌనే సార్."

"అంతానా? నీ అద్దాలు తుడుచుకుని వచ్చినావా?"

ఆయన చూశాడు. నన్నూ చూడమన్నాడు. బళ్ల చుట్టూ ఉన్న కణాలన్నీ గోధుమరంగులో వెలుగుతున్నాయి. బళ్ల లోపల మాత్రం ఖాళీ, తెలుపు. చుట్టూ ఉన్నవి ఆరోగ్యంగా, చాలాకాలం బతకాల్సిన కణాలు, వాటికి కాపలా ఉంటుంది. లోపల లేదంటే చావాల్సినవి చక్కగా చస్తున్నాయన్నమాట. రోగికి ఏ క్యాన్సరూ లేదు.

"ముందు ఇరుగుపొరుగును చూడల్ల. ఆ తరవాతే ఇంట్లోకి పోవల్ల," అన్నాడు. మిగిలింది కన్నడంలో చెప్పాడు. ఆ పూట నాకు భోజనం లేదు.

గోధుమరంగు కనబడగానే క్యాన్సర్ అనకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. ఆయన చెప్పిన మాటకు రెండో వైపు కూడా ఉందని మాత్రం గ్రహించలేదు. అది తెలియడానికి ఉద్యోగం చివరిదాకా పట్టింది. నేర్పింది ఒక పట్టుపురుగుల రైతు.

నేను ఇచ్చిన ఇనాం

మునియప్పది కెలమంగలం దగ్గర పల్లె. అరవై ఏళ్లుంటాయి. మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ కొన్ని నెలలుగా ఉంది. నొప్పి లేదు. అక్కడి చిన్న నర్సింగ్ హోంలో సర్జన్ ఆ గడ్డ తీసి మా ల్యాబుకు పంపాడు. ఫారం మీద తండ్రి పేరు, ఊరు చూడగానే గుర్తుపట్టాను. ఆ తండ్రి మా ఇంట్లో ఎద్దులు చూసుకున్న మనిషి. నన్ను భుజం మీద ఎక్కించుకుని సంతకు తీసుకుపోయినవాడు.

స్లైడు చూశాను. బళ్లు ఉబ్బి, చాలా ఉన్నాయి. బీసీఎల్-2 పరీక్ష చేయించాను. బళ్లలో గోధుమరంగు లేదు. ప్రతిసారీ పక్కన పెట్టి చూసుకునే మా సొంత నమూనా ముక్కలో రంగు బాగా వచ్చింది కాబట్టి మందులో లోపం లేదనుకున్నాను. ముక్క అంచున ఊదారంగు నలుసులు కనబడ్డాయి. మా ల్యాబులో ముక్కలు కోసి రంగులు వేసే మంజులను పిలిచి, "రంగు వడగట్టకుండా వేశావా?" అని మందలించాను. "వడగట్టినాను గదమ్మా," అంది. "మరి ఈ నలుసులు ఆకాశం నుంచి పడ్డాయా?" అన్నాను. తన బల్ల దగ్గరకు వెళ్లిపోయింది.

క్యాన్సర్ కాదు, ఏదో క్రిమికి ఉబ్బిన మామూలు గడ్డ అని సంతకం పెట్టాను.

మీకు ఇక్కడ ఒక నిజం చెప్పాలి. మామూలుగా రిపోర్టు సర్జనుకు వెళుతుంది, రోగికి ఆయనే చెబుతాడు. ఆ రోజు నేనే ఫోను తీశాను.

"మునియప్పా, నేను కోటింటి అమ్మాయిని."

అవతల కుర్చీ కింద పడిన చప్పుడు. లేచి నిలబడ్డాడని అర్థమైంది.

"అమ్మా! మీరా! సెప్పండమ్మా!"

"నీకు క్యాన్సర్ లేదప్పా. నిశ్చింతగా ఉండు."

అవతల ఏడుపు వినబడింది. "మీ ఇంటి ఉప్పు తిన్నోళ్లం అమ్మా. మళ్లా మీ చేతిమీదనే బతికినాను," అన్నాడు. మా తాతముత్తాతలు ఇనాములు ఇచ్చినప్పుడు ఎలా ఉండేదో నాకు ఆ పూట తెలిసింది. నా దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు, ఒక మనిషికి ప్రాణం ఇచ్చాననుకున్నాను. శుభవార్త చెప్పాలని ఉవ్విళ్లూరుతున్న డాక్టరు స్లైడును సరిగా చూడదు. దుర్వార్త చెప్పాల్సి వస్తే పదిసార్లు చూస్తాం. శుభవార్తను కూడా పదిసార్లు చూడండి.

మంజుల ముక్కు

మిగిలిన ముక్కలున్న సీసాలను మేము కొన్నాళ్లు దాచి, తరువాత పారేస్తాం. పది రోజుల తరువాత అలమర సర్దుతూ మంజుల ఒక సీసా మూత తీసి, నా బల్ల దగ్గరకు వచ్చింది.

"అమ్మా, ఒక మాట. కోప్పడకూడదు."

"కోప్పడేదీ లేనిదీ మాట విన్నాక చెబుతాను."

"ఈ మునియప్ప సీసాలో ఉండేది మన ఫార్మలిన్ కాదు. ఇది మా పురుగులింటి వాసన."

మంజులవాళ్లది కూడా పట్టుపురుగులు పెంచే ఇల్లు. ప్రతి పంటకు ముందు పురుగుల షెడ్డుకు రోగం రాకుండా ఫార్మలిన్ కొడతారు. కానీ అది నీళ్లు బాగా కలిపి పలుచన చేసి, పైగా సున్నం కలిపింది. గడ్డను గట్టిపరచి చెడకుండా ఉంచాలంటే మాది వేరే మోతాదు. మంజుల సీసాను వెలుతురుకు ఎత్తింది. అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంది.

ఆమే ఫోను చేసి కనుక్కుంది. ఆపరేషన్ రోజు నర్సింగ్ హోంలో ఫార్మలిన్ అయిపోయింది. హోసూరు నుంచి తెప్పిస్తామన్నారు. బల్ల మీద పడుకున్న మునియప్పకు అది విని నామోషీ అయింది. "ఫార్మలినే గదా! మా ఇంట్లో క్యాను నిండా ఉండాది!" అని భార్య నారాయణమ్మను ఇంటికి పంపాడు. ఆమె రెండు రకాలూ చూసింది. ఒకటి కొత్త క్యానులో ఉన్న అసలు ఫార్మలిన్, ఇంకొకటి షెడ్డుకు కొట్టగా మిగిలిన సున్నం నీళ్లది. "సుమ్మనే, ఉత్త నీళ్లలాగుండేది ఏం బలమని, సున్నం కలిసిందే తెచ్చినాను," అని మంజులతో చెప్పిందట. ఆమెను నేను తప్పుపట్టను. పురుగులకు పనికొచ్చింది మనిషికి పనికిరాదని ఆమెకు ఎవరు చెప్పారు?

నేను స్లైడు మళ్లీ తీశాను. ఈసారి ఇరుగుపొరుగును చూశాను. బళ్ల చుట్టూ తప్పకుండా గోధుమరంగులో ఉండాల్సిన కణాలు కూడా తెల్లగా ఉన్నాయి. ఊరంతా కరెంటు పోయినప్పుడు, ఎవరింట్లో దీపం లేదో ఎలా చెప్పగలం? ఆ గడ్డ ఆ పలుచని సున్నం నీళ్లలో సరిగా గట్టిపడక, రంగు పట్టే గుణమే పోగొట్టుకుంది. ఊదారంగు నలుసులు సున్నానివి. ఇంకా సిగ్గుచేటు ఒకటుంది. మామూలుగా ఉబ్బిన బళ్లలో చచ్చిన కణాల తునకలు, వాటిని మింగుతున్న పెద్ద కణాలు తప్పక కనబడతాయి. వీటిలో ఒక్క శవం లేదు. పరీక్ష జరుగుతున్న చోట ఒక్కరూ ఫెయిలవకపోతే అనుమానించాలి కదా. గోధుమరంగు రాలేదన్న సంతోషంలో నేను అది చూడలేదు.

"మంజులా, నీ రంగులో తప్పు లేదు," అన్నాను.

"తెలుసమ్మా," అంది.

మిగిలిన ముక్క మీద రెండుసార్లు పరీక్ష తిరిగి చేశాం. అదే తెలుపు. ఇంకో గడ్డ కావాలి. సర్జన్ ఫోను చేస్తే గజ్జల్లో కొత్తగా రెండు తేలాయని మునియప్పే చెప్పాడు. వచ్చి ఒకటి తీయించుకోమంటే ఒప్పుకోలేదు. "కోటింటమ్మే లేదని చెప్పింది. ఇంక కోసేదేముంది?" అన్నాడట. రెండోసారి ఫోను ఎత్తనే లేదు. రిపోర్టు లేకుండా ఎవరూ వైద్యం మొదలుపెట్టరు. నేను ఇచ్చిన ఇనాం ఆ మనిషిని చంపేలా ఉంది.

మా మాట తిరగాల్సి వచ్చింది

ఇరవై ఏళ్లలో నేను రోగి ఇంటికి వెళ్లడం అదే మొదలు. మంజులను వెంట తీసుకుని కెలమంగలం బస్సెక్కాను. సీటు దొరకలేదు. కమ్మీ పట్టుకున్నాను.

మునియప్ప షెడ్డులోంచి మల్బరీ ఆకు చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"రాండమ్మా, రాండి! మా ఇంటికి కోటింటోళ్లు! నారాయణా, కుర్చీ తుడువు!"

"తుడిచే ఉండాది. నువ్వు తుడిస్తే మసి అయితాది," అంది నారాయణమ్మ.

నేను కూర్చున్నాను. అతను నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే నేల మీద కూర్చున్నాడు. పక్కన షెడ్డులో పురుగులు ఆకు మేస్తున్న చప్పుడు, రేకుల మీద సన్నవాన పడుతున్నట్టు వినబడుతోంది. పొర విడవడాన్ని వాళ్లు జ్వరం అంటారు. పురుగులు నాలుగో జ్వరం లేచాయి, ఇక ఆకలి తీరని రోజులు, అందుకే ఎక్కడికీ కదల్లేకపోతున్నానని చెప్పుకొచ్చాడు.

"మునియప్పా, నేను నీకు చెప్పింది తప్పు."

"ఏది తప్పమ్మా?"

"నీకు క్యాన్సర్ లేదన్నాను గదా. అది చెప్పేకి నా దగ్గర ఆధారం లేదు. గడ్డ చెడిపోయి వచ్చింది. నేను చూసుకోకుండా సంతకం పెట్టినాను. ఇంకో గడ్డ తీసి చూడాల."

అతను నవ్వాడు. "మీరు చెప్పినాక తప్పెట్లయితాదమ్మా? కోటింటోళ్ల మాట తిరగదు."

"ఆమే తిప్పుకుంటా ఉంటే నీకేమయ్యా నొప్పి?" అంది నారాయణమ్మ.

"అది వాళ్ల పెద్దతనం. మనమీద కనికరం కొద్దీ మళ్లా చూస్తామంటా ఉండారు. నీకు తెలీదు, నువ్వు యాడో కల్లావి దిక్కునుంచి వచ్చినదానివి."

"కల్లావిలో గడ్డలొస్తే కోయించుకుంటారు!"

నేను ఇంకో దారి పట్టాను. చావాల్సిన కణం చావకుండా కూర్చునే జబ్బు అని అనుమానిస్తున్నానని, దానికి కాపలా కాసే ప్రోటీన్ ఉందో లేదో చూడాలని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లల్లో చాలామంది కన్నా త్వరగా అర్థం చేసుకున్నాడు.

"అంటే గూడు కట్టని పురుగమ్మా అది. మేత నిలిపేసి గూడు కట్టే దినం వచ్చినా మేస్తానే ఉంటాది. చూసేకి బలంగా ఉంటాది, పని మాత్రం చెయ్యదు."

"దాన్నేం చేస్తావు?"

"ఏరి పారేస్తాను."

"ఎట్లా ఏరుతావు?"

"వెలుతురుకు పెట్టి చూస్తే తెలిసిపోతాది. గూడు కట్టేకి పండిన పురుగు ఒళ్లు అద్దం మాదిరి ఉంటాది. ఇది ఉండదు."

"నేను అడిగేది కూడా అదే. నీ గడ్డను సరిగా వెలుతురుకు పెట్టి చూడనియ్యి."

చాలాసేపు ఆలోచించాడు. "మాట బాగుంది. అయితే నాకు లేదని మీరే చెప్పేసినారు గదమ్మా," అన్నాడు.

మంజుల నిట్టూర్చింది. నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుస్తోందని చూశాక తెలిసింది. "ఈయన నా మాట వినడమ్మా. మీ మాట వింటాడు గానీ, అది కూడా మొదటిదే వింటాడు," అంది.

తల ఎత్తితే ఎదురుగా గోడ మీద మా తాత ఫొటో. మా సామాను చెదిరిపోయినప్పుడు వీళ్ల నాన్న అడిగి తెచ్చుకున్నాడట. తుపాకీ పట్టుకుని, చచ్చిన చిరుత మీద కాలు మోపి, మా వంశపు వెన్నుతో నిలబడి ఉన్నాడు. దండ కూడా వేశారు.

"మునియప్పా, ఆ చిరుతను ఎవరు కొట్టినారు?"

"పెద్ద దొర. అంచెట్టి అడవిలో. ఒకే తూటా. ఊరందరికీ తెలుసు."

"ఫొటో అంచున ఒక చెయ్యి కనబడతాది చూడు. తోక పట్టుకుని ఉండాది. అది ఎవరిది?"

"మా తాతది. చిన్నప్ప ఆయన పేరు."

"తోక పట్టుకున్నోడే కొట్టినాడు."

మునియప్ప నన్ను చూశాడు, ఫొటోను చూశాడు.

ఈ సంగతి మా ఇంట్లో ఆడవాళ్లకు మాత్రమే తెలుసు. అవ్వ మా అమ్మకు చెప్పింది, అమ్మ నాకు చెప్పింది. నేను ఎవరికీ చెప్పకుండా నాతోనే తీసుకుపోవాలనుకున్నాను. మా తాత ముందురోజు అంచెట్టిలో పనసతొనలు మితిమీరి తిన్నాడు. తెల్లారి చిరుత వచ్చే వేళకు తుపాకీ చిన్నప్ప చేతికిచ్చి, చెంబు పట్టుకుని పొద చాటుకు పోయాడు. తూటా పేలిన తరువాత పంచె సర్దుకుంటూ వచ్చి చిరుత మీద కాలు పెట్టాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెబుతున్నంతసేపూ నా వెన్ను కుర్చీకి ఆనుకుని ఉందని తరువాత గమనించాను.

"కోటింటోళ్ల మాట తిరగదన్నావు. ఇన్నేళ్లు నువ్వు దండ వేసింది అబద్ధానికి. మావాళ్లు దిద్దలేదు, నేను దిద్దుతా ఉండాను. మొదటి మాట తప్పు, ఇది నిజం. అట్లాగే నీ గడ్డ కూడా."

ముందు నవ్వింది నారాయణమ్మ. "చెంబా!" అంది. మంజుల నా ముందు నవ్వకూడదని గోడవైపు తిరిగింది, భుజాలు మాత్రం ఆగలేదు.

మునియప్ప నవ్వలేదు. ఫొటో దగ్గరకు పోయి ఆ చేతిని వేలితో తాకాడు.

"మా తాతా అమ్మా?"

"మీ తాతే."

"ఒకే తూటానా?"

"అది మాత్రం నిజం."

తిరిగి వచ్చి, ఈసారి నేల మీద కాదు, నా ఎదుట బెంచీ మీద కూర్చున్నాడు.

"రాసిస్తారా?"

"ఏమని?"

"మా తాత కొట్టినాడని. నేను సుమ్మనే చెబితే ఎవరు నమ్ముతారు? మీ ల్యాబు కాగితం మీద, సంతకం, సీలు వేసి ఇయ్యల్ల."

"గడ్డ ఇయ్యి, రాసిస్తాను."

"పురుగులు గూళ్లకెక్కనీండి. ఆరు దినాలు."

"ఆరే."

"కోటింటోళ్ల మాట మాదిరి కాదమ్మా నాది. ఆరంటే ఆరే," అన్నాడు. ఆ దెబ్బ నాకు బాగానే తగిలింది. తగలనిచ్చాను.

సవరించిన రిపోర్టు

ఆరో రోజు వచ్చాడు. మంజుల మా ఫార్మలిన్ సీసాను తానే నర్సింగ్ హోంకు తీసుకుపోయి, గజ్జలోంచి తీసిన గడ్డ అందులో మునిగేదాకా అక్కడే నిలబడింది. నారాయణమ్మ చేతిలో ఏ క్యానూ లేదని కూడా చూసుకుందట.

ఈసారి స్లైడు మీద ఊరంతా వెలిగింది. బళ్ల లోపల ఇంకా దట్టంగా వెలిగింది. చావాల్సిన ప్రతి కణం దగ్గరా కాపలాదారు కూర్చుని ఉన్నాడు. ఫాలిక్యులర్ లింఫోమా అని రాసి, పైన 'సవరించిన రిపోర్టు' అని వేసి, ముందు ఇచ్చినది ఎందుకు తప్పో కింద నాలుగు వాక్యాలు రాశాను. పిల్లలూ, ఆ రెండు మాటలూ రాయడానికి చెయ్యి రాదు. రాయండి. తప్పు మీ కంటపడిన రోజే రాయండి, ఫోను పని చేయకపోతే బస్సెక్కండి.

మునియప్పకు బెంగళూరులో డ్రిప్పు మందులు పెట్టారు. గడ్డలు కరిగిపోయాయి. ఈ జబ్బు అంత సులభంగా వదిలేది కాదు, మళ్లీ తలెత్తవచ్చు, అతనికీ తెలుసు. మూడు నెలలకొకసారి చూపించుకుంటాడు. మధ్యలో పురుగులు పెంచుతాడు. నా తప్పు రిపోర్టు వల్ల అతను పోగొట్టుకున్నది కొన్ని వారాలు. జబ్బు నిదానమైనది కావడం వల్ల నష్టం అంతటితో ఆగింది. నా తెలివి వల్ల కాదు.

రెండో కాగితం కూడా ఇచ్చాను. ఉద్యోగంలో నా ఆఖరి నెల అది. మంజుల టైపు చేసింది. 'సవరించిన రిపోర్టు. నమూనా: ఒక పాత ఫొటో. ముందటి అభిప్రాయం: చిరుతను కొట్టింది కోటింటి దొర. సవరించిన అభిప్రాయం: కొట్టింది చిన్నప్ప, ఒకే తూటా. ముందటి పొరపాటుకు చింతిస్తున్నాము.' సంతకం పెట్టాను, సీలు వేశాను. చెంబు సంగతి రాయమని నారాయణమ్మ ఎంత అడిగినా రాయలేదు. క్లినికల్‌గా అవసరం లేదన్నాను.

దాన్ని ఫ్రేము కట్టించి ఫొటో కింద వేలాడదీశారు. దండ ఇప్పుడు కొంచెం పక్కకు జరిగి, తోక పట్టుకున్న చేతి మీదుగా పడుతుంది. మూడేళ్లయింది. నా రిపోర్టుల్లో చాలావాటిని ఎవరో ఒకరు బెంగళూరు తీసుకుపోయి ఇంకొకరికి చూపించుకుని వచ్చారు. దీనికి మాత్రం ఇంతవరకు ఎవరూ సెకండ్ ఒపీనియన్ అడగలేదు.